కరువు కాలపు వ్యంగ్యం: వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతం

ధరలు పెరిగినప్పుడు, పంటలు పోయినప్పుడు, కూలి దొరకనప్పుడు పాలకుల మీద, వారి కింది అధికారుల మీద జనం విసిరే ఎత్తిపొడుపును ఆర్థిక వ్యంగ్యం అనవచ్చు. ఇది మాటగా, వేషంగా, కథగా, పాటగా వస్తుంది. పత్రికలు వచ్చాక కార్టూన్‌గానూ వస్తోంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఈ వ్యంగ్యానికి లోతైన చరిత్ర ఉంది. తెలుగు పత్రికా రచనలో నిజాం పాలనను ఎత్తిపొడిచిన వారిలో ముందువరుసలో నిలిచే సురవరం ప్రతాపరెడ్డి ఈ నేల బిడ్డ. తెలుగు కార్టూనిస్టులు కరువును గీయాలన్నప్పుడల్లా తలచుకునే పాలమూరు (పాత మహబూబ్‌నగర్) కూలీ కూడా ఈ నేల మనిషే. పేదవాడి గంపలోంచి ఎవరు ఎంత తీసుకున్నారన్న లెక్క ఇక్కడి వ్యంగ్యానికి ప్రాణం.

నేల, శిస్తు, వలస

కృష్ణ, తుంగభద్ర రెండు నదులూ పక్కనే పారుతున్నా ఇక్కడి పొలాలు చాలాకాలం వానమీదే బతికాయి. జొన్న, ఆముదం, వేరుశనగ ప్రధాన పంటలు. నిజాం రాజ్యంలో ఉన్నా గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాల్‌పేట సంస్థానాలకు సొంత పాలన ఉండేది. రైతు సంస్థానానికి శిస్తు కట్టాలి, సంస్థానం నిజాంకు పేష్కష్ (కప్పం) కట్టాలి. నడుమ పటేలు, పట్వారీ, గిర్దావరు, అమీను ఉంటారు. శిస్తు రొక్కంలో కట్టాల్సి రావడంతో పంట ధర పడిపోయిన ఏడు రైతు అప్పులో కూరుకుపోయేవాడు. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యం ఆముదం, వేరుశనగ వంటి అమ్మకపు పంటల మీద ఆధారపడిన తెలంగాణ రైతును ఈ దారిలోనే దెబ్బతీసింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ధాన్యం లెవీ దానికి తోడైంది.

ఊళ్ళో తిండి లేక పనికి పోవడం ఇక్కడ తరాల నాటి సంగతి. బొంబాయిలోని కామాఠీపురకు ఆ పేరు నిజాం ఇలాకా నుంచి వెళ్ళిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ అక్కడ కనిపించింది. గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి, ముందుగా కొంత బయానా ఇచ్చి, ఆలుమగలను కలిపి తీసుకుపోతాడు. ఆ బయానా తీరేదాకా కూలీ కదలలేడు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఆలంపూరు, కొల్లాపూరు వైపు ఊళ్ళు మునిగాయి. ఆనకట్టలు కట్టిన కూలీల ప్రాంతమే మునిగింది, ఆ ప్రాంతానికే నీళ్ళు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇక్కడి వ్యంగ్యంలోని కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

పిట్టలదొర

అచ్చుయంత్రం రాకముందే ఊళ్ళలో రాజకీయ వ్యంగ్యం ఉంది. పగటివేషగాళ్ళు పట్వారీ వేషం, కోమటి వేషం, జమాదారు వేషం కట్టి, ఆ మనుషుల ఎదుటే వారి నడకను, మాటను అనుకరించేవారు. వీళ్ళందరిలో తెలంగాణ జనం బాగా గుర్తుపెట్టుకున్నది పిట్టలదొరను. కొన్నిచోట్ల తుపాకి రాముడంటారు, ఇంకొన్నిచోట్ల లత్కోర్ సాబ్ అంటారు.

అతని వేషాన్ని కాస్త దగ్గరగా చూడాలి. తలమీద దొరల టోపీ, ఒంటిమీద పాత ఖాకీ కోటు, భుజాన కట్టె తుపాకి. కోటుకు ఏవేవో బిళ్ళలు వేలాడుతుంటాయి. బజారు నడుమ నిలబడి తన భూములు, మేడలు, పెళ్ళాం ఒంటిమీది నగలు, తాను ఆడిన వేటల గురించి ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. విన్నకొద్దీ ఆ ఆస్తిలో ఒక్కటీ నిలబడదు. జనం కడుపుబ్బ నవ్వి గింజలో పైసలో పెడతారు. అధికారి బట్టలు వేసుకుని, కూటికి లేని మనిషి సంపద వర్ణించడంలోనే మొత్తం విమర్శ ఉంది. తుపాకి కట్టెదని ఊరందరికీ తెలుసు. ఊరిమీద నిజంగా పెత్తనం చేసే ఖాకీ బట్ట పక్కన ఈ ఖాకీ బట్ట నిలబడుతుంది. ఒక్క మాట కూడా నేరుగా అనకుండానే పోలికను చూసేవాడి మనసులో పెడుతుంది. కార్టూనిస్టు తర్వాత కాగితం మీద చేసిన పని ఇదే. అందుకే తెలుగు కార్టూన్ చరిత్రను పత్రికలతో మొదలుపెట్టడం అసంపూర్ణమని ఈ వ్యాసకర్త నమ్మకం.

పండితుల వైపు చూస్తే చాటువుల సంప్రదాయం ఉంది. శ్రీనాథుడు చివరి రోజుల్లో బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని, కృష్ణ వరదలో పంట పోయి, ఏడు వందల టంకాల బాకీ కట్టలేక శిక్ష అనుభవించాడని ఆయన పేరిట ఉన్న చాటువు చెబుతోంది. నీళ్ళు దొరకని, జొన్నకూడు తప్ప వేరే తిండి లేని పల్నాడు మీద ఆయన విసుర్లు తెలుగునాట అందరికీ తెలుసు. విద్వద్గద్వాలగా పేరొందిన గద్వాల ఆస్థానానికి, వనపర్తికి, ఆత్మకూరుకు కవులు సంభావనల కోసం వచ్చేవారు. రాజు ఇచ్చినదాన్ని బట్టి పొగడ్తో విసురో పద్యంలో పడేది. అయితే ఆ విసురు కవికి రావలసిన సొమ్ము చుట్టూ తిరిగింది, పొలంలో రైతుకు రావలసిన సొమ్ము దాకా వెళ్ళలేదు. దాన్ని అక్కడిదాకా తీసుకెళ్ళింది సురవరం.

సురవరం ప్రతాపరెడ్డి: గుమ్మడికాయల లెక్క

ప్రతాపరెడ్డి 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. ఆయన స్వగ్రామం ఇటికాలపాడు. రెండూ నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివే. న్యాయశాస్త్రం చదివి, హైదరాబాదులో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూస్తూ, 1926 మే 10న గోలకొండ పత్రిక స్థాపించారు. అప్పటికి నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే అనుమతి కావాలి. 1921లో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు దానికోసమే. ఉర్దూ రాజభాష. తెలుగులో రాసేవాడికి పాఠకులూ తక్కువే, ధైర్యంగా చందా కట్టేవాళ్ళూ తక్కువే. నేరుగా విమర్శిస్తే పత్రిక మూతపడే రోజులవి. ఆయన చిత్రగుప్త, భావకవి రామమూర్తి వంటి మారుపేర్లతోనూ రాశారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించింది ఆయనే. ఆ సభ జరిగే నాటికి మాంద్యం మొదలై ఆరు నెలలు కాలేదు.

ఆయన వ్యంగ్యానికి శిఖరం మొగలాయి కథలు. నిజాం ఇలాకాను అప్పట్లో జనం మొగలాయి అనేవారు. ఈ కథల్లో నవాబులు, పెద్ద మంత్రులకంటే కింది మెట్టు అధికారులే ఎక్కువ. వాటిలో జనం నోట నిలిచిపోయింది ‘గ్యారా కద్దూ బారా కొత్వాల్’. పేరులోనే కథంతా ఉంది. కాయలు పదకొండు, కొత్వాళ్ళు, అంటే పోలీసు అధికారులు, పన్నెండు మంది. ఒక మామూలు మనిషి గుమ్మడికాయలు అమ్ముకుందామని నగరానికి తెస్తాడు. దారిలో ఒక్కొక్క అధికారీ ఆపి, తన హక్కంటూ ఒక్కొక్క కాయ తీసుకుంటాడు. పన్నెండో అధికారి వచ్చేసరికి గంప ఖాళీ. అతనికీ కాయ కావాలి.

ఈ కథ శక్తి దాని అంకెల్లో ఉంది. దొంగతనం అన్న మాట ఎక్కడా అనక్కర లేదు. పన్నెండు మందికి పదకొండు చాలవన్న చిన్న తీసివేత రాజ్యం మొత్తాన్ని విప్పి చూపిస్తుంది. అమ్మకానికి సరుకు తెచ్చినవాడి చేతిలో ఒక్క కాయ మిగలలేదు, అయినా రాజ్యం ఆకలి తీరలేదు. శిస్తు, లంచం, నజరానా, వెట్టి అంటూ పేజీలకొద్దీ రాసిన వ్యాసం కంటే ఈ ఒక్క గంప ఎక్కువ చెబుతుంది. చదువురాని రైతుకు కూడా గుర్తుంటుంది, ఇంకొకరికి చెప్పుకోగలడు. చెప్పినవాడిని పట్టుకుందామంటే గుమ్మడికాయల గురించి మాట్లాడడం నేరం కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో హైదరాబాదు నగర కొత్వాలు రాజబహద్దూర్ వెంకట్రామారెడ్డి. వనపర్తి ప్రాంతం వారే. 1920 నుంచి 1934 దాకా ఆ పదవిలో ఉన్నారు. సురవరం పనిచేసిన రెడ్డి హాస్టల్ స్థాపనకు ఆయనే మూలం. సురవరం ఆయన జీవిత చరిత్రను గౌరవంతో రాశారు. అదే కలం కొత్వాళ్ళ మీద ఈ కథ రాసింది. మంచి మనిషి కుర్చీలో కూర్చున్నంత మాత్రాన కుర్చీ మంచిదైపోదని ఆయనకు తెలుసు. ఆయన గురిపెట్టింది వసూళ్ళ వ్యవస్థ మీద. సొంతవాళ్ళను వెనకేసుకురావడానికి వ్యంగ్యాన్ని మొద్దుబార్చుకోని ఈ నిజాయితీ నేటి రచయితలకు, గీసేవాళ్ళకు ఎంతో అవసరం.

‘సంఘాల పంతులు’ కథలో దృశ్యం ఊరికి మారుతుంది. వెట్టికి అలవాటుపడిన పల్లెలో ఒక పంతులు జనాన్ని కూడగట్టడం, దానికి అధికారులు ఉలిక్కిపడడం అందులో చూస్తాం. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలోనూ ఆయన ఇదే చూపుతో పనిచేశారు. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి తిండి, బట్ట, ఆటలు, పన్నులు వెతికారు. శ్రీనాథుడి వంటి కవుల చాటువులను, ఎత్తిపొడుపులను చారిత్రక సాక్ష్యాలుగా వాడుకున్నారు. ఆ గ్రంథానికి 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయన లేరు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, ఏడాది దాటిన కొద్దికాలానికే 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. తెలంగాణలోని తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరు పెట్టారు.

గీతలోకి వచ్చిన వ్యంగ్యం

గంపలు, వసూళ్ళ బొమ్మ మన దగ్గరే పుట్టలేదు. ఫ్రాన్సులో ఒనోరే దోమియే 1831లో ‘గార్గాంతువా’ గీశాడు. రాజు లూయీ ఫిలిప్ పెద్ద నోరు తెరుచుకుని కూర్చుంటాడు. పేదలు నాణేల గంపలు మోసుకుని పలకమీదుగా ఆ నోట్లోకి ఎక్కుతుంటారు. దీనికి దోమియేకు ఆరు నెలల జైలు పడింది. అంతకుముందే 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బంగారం చెల్లింపులు ఆపేసినప్పుడు జేమ్స్ గిల్‌రే ప్రధాని పిట్‌ను పొట్టనిండా బంగారం పెట్టుకుని నోటి నుంచి కాగితం నోట్లు కక్కుతున్నట్టు గీశాడు. దోమియేను సురవరం చూశారో లేదో ఇక్కడ ముఖ్యం కాదు. వసూళ్ళు బరువైన చోటల్లా గంప బొమ్మ పుడుతుంది.

తెలుగులో కందుకూరి వీరేశలింగం ‘హాస్య సంజీవని’ 1876లో వచ్చింది. దక్షిణాదిని ధాత కరువు పట్టి పీడించడం మొదలైన ఏడు కూడా అదే. బొమ్మల కార్టూన్‌కు ఆద్యుడిగా తలిశెట్టి రామారావును చెబుతారు. 1930 ప్రాంతంలో భారతిలో, ఆంధ్రపత్రికలో ఆయన గీసినవి ఎక్కువగా సాంఘికమైనవి. ఆయన పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టులు తమ దినంగా జరుపుకుంటారు. మధ్యతరగతి అప్పు బాధను ముళ్ళపూడి వెంకటరమణ ‘ఋణానందలహరి’లో అప్పారావు పాత్రగా నిలబెట్టారు. రాజకీయ బేతాళ కథల్లో మంత్రుల మాటలను పట్టుకున్నారు. అయితే వాళ్ళు రాసిన, గీసిన ఊరు ఎక్కువగా కోస్తా ఊరు, మద్రాసు వీధి. పాలమూరు పల్లె ఆ గీతలోకి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

1970ల మొదట్లో కరువు, చమురు ధరలు, నిత్యావసరాల కొరత కార్టూన్‌కు రోజూ పని కల్పించాయి. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చాక సెన్సారు కత్తెర పడింది. ఢిల్లీలో 1948 నుంచి నడిచిన శంకర్స్ వీక్లీ ఆ ఏడాదే మూతపడింది. 1980ల్లో ఈనాడు మొదటి పేజీలో శ్రీధర్ పాకెట్ కార్టూన్ తెలుగు ఇళ్ళలో పొద్దున్నే అందరూ చూసే బొమ్మ అయింది. కిలో రెండు రూపాయల బియ్యం రాజకీయాన్ని, ఎన్టీఆర్ కాషాయ వస్త్రాలను తరం మొత్తం ఆ గీతల్లో చూసింది. విశాలాంధ్ర, ఉదయం పత్రికల్లో పనిచేసిన మోహన్ పత్రిక దాటి ఉద్యమాల గోడలమీదికి, బ్యానర్లమీదికి గీతను తీసుకెళ్ళారు. 2017 సెప్టెంబరు 21న ఆయన మరణించాక ఆ లోటు ఎవరూ పూడ్చలేదు.

ప్రపంచబ్యాంకు ఏళ్ళు

1998 నుంచి 2004 మధ్యకాలం పాలమూరు చరిత్రలో అతి చేదైన రోజుల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణానికి, విద్యుత్ సంస్కరణలకు ప్రపంచబ్యాంకు రుణాలు వచ్చాయి. 1999లో విజన్ 2020 పత్రం విడుదలైంది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదుకు వచ్చారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహబూబ్‌నగర్ జిల్లాను దత్తత తీసుకున్నట్టు ప్రకటించారు. ఆ దత్తత కాలంలోనే వరస కరువులు వచ్చాయి, బోర్లు ఎండాయి, రైతుల ఆత్మహత్యలు పెరిగాయి, బస్సులకొద్దీ జనం బొంబాయి, పుణె దారి పట్టారు. కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసుల కాల్పులకు ప్రాణాలు పోయాయి.

ఈ కాలాన్ని గీతలో పట్టుకున్నవారిలో నల్లగొండ వైపు నుంచి వచ్చిన శేఖర్‌ను ముందు చెప్పాలి. ప్రజాశక్తిలో, తర్వాత ఆంధ్రజ్యోతిలో ఆయన గీశారు. ‘బ్యాంక్ బాబు’ సంపుటి పేరులోనే ఆయన లక్ష్యం తెలుస్తుంది. సంపుటిలోని ముఖ్యమంత్రి ఊరివాళ్ళ కంటే అప్పిచ్చినవాళ్ళకే ఎక్కువ జవాబుదారీ. శేఖర్ మరో సంపుటి ‘గిదీ తెలంగాణ’ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానిది. క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా గీత ఆపని ఆ మనిషి 2014 మే 19న, రాష్ట్రం ఏర్పడడానికి రెండు వారాల ముందు వెళ్ళిపోయారు.

అదే నొప్పికి పాటలో రూపమిచ్చింది నాగర్‌కర్నూలు జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న. కుమ్మరి, కమ్మరి, సాలె పనులు కూలిపోయిన పల్లె మీద ఆయన రాసిన పాటను 2002లో ‘కుబుసం’ సినిమాలో వాడుకున్నారు. దాన్ని ఏడుపు పాటగానే చూస్తారు గానీ, ఊళ్ళోకి వచ్చిన కొత్త సరుకుల జాబితాను పోయిన పనుల జాబితా పక్కన పెట్టే తీరులో గట్టి వ్యంగ్యం ఉంది. అక్కడా లెక్కే పనిచేస్తుంది. ఆయనకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ‘వల్లంకి తాళం’ సంపుటికి వచ్చింది.

నీళ్ళ మీద వ్యంగ్యం కూడా ఈ ఏళ్ళలోనే పదునెక్కింది. రాజోలిబండ మళ్ళింపు పథకం కింద గద్వాల, ఆలంపూరు వైపు 87,500 ఎకరాలు పారాలి. పారింది అందులో కొంతే. 2003లో ఆలంపూరు నుంచి గద్వాలకు సాగిన పాదయాత్రతో ఈ సంగతి రాష్ట్ర రాజకీయం నడిబొడ్డుకు చేరింది. కాగితం మీది ఆయకట్టు ఒకటి, నీళ్ళు తాకిన ఆయకట్టు మరొకటి. పదకొండు కాయలు, పన్నెండు మంది అన్న లెక్కకు ఇది నీటి రూపం.

నోట్ల రద్దు నుంచి లాక్‌డౌన్ దాకా

కొత్త జిల్లాలు ఏర్పడి నెల తిరక్కుండానే 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. వేరుశనగ రైతులు, పత్తి కూలీలు రొక్కంతో బతికే ప్రాంతంలో బ్యాంకు వరసే రోజువారీ బతుకైంది. గిల్‌రే కాలంలో బంగారం పోయి కాగితం వచ్చింది, ఇప్పుడు కాగితమే పోయింది. ఈ కాలానికి వ్యంగ్యం పత్రిక నుంచి టీవీకి మారింది. వీ6 చానల్ తీన్మార్ వార్తలు తెలంగాణ మాటలోనే వార్త చెప్పే పద్ధతిని ఇంటింటికీ తెచ్చాయి. ఆ వార్తల్లో బిత్తిరి సత్తి అనే పాత్ర అమాయకంగా అడిగిన ప్రశ్న వెనక పిట్టలదొర వారసత్వం స్పష్టంగా కనిపిస్తుంది. తెలియనివాడి వేషం కట్టి, తెలిసినవాళ్ళను చిక్కుల్లో పెట్టడం పగటివేషగాళ్ళ పాత విద్యే.

2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో ముంబయిలో, పుణెలో పాలమూరు కూలీలు చిక్కుపడ్డారు. నెత్తిన ముల్లె, చంకన బిడ్డ, ఎదుట అంతులేని రోడ్డు. ఆ రోజుల్లో దేశమంతా కార్టూనిస్టులు గీసిన ఈ బొమ్మ పాలమూరువాళ్ళకు కొత్తది కాదు. అప్పటిదాకా ఒక జిల్లా గుర్తుగా ఉన్న మనిషి దేశం మొత్తానికి గుర్తయ్యాడు.

గీత చేరని పొలం

తెలుగు రాజకీయ కార్టూన్ నాయకుడి ముఖాన్ని గొప్పగా గీసింది. ముక్కు, కళ్ళద్దాలు, కండువాతో మనిషిని పట్టేసింది. కానీ సురవరం పట్టుకున్న నడిమి మనిషి దాని చేతికి అంతగా చిక్కలేదు. గద్వాల ప్రాంతంలో వేల ఎకరాల్లో సీడ్ పత్తి పండుతుంది. కంపెనీ ఎక్కడో ఉంటుంది. ఊళ్ళో కనిపించేది ఆర్గనైజర్. విత్తనం, ఎరువు, మందు, అప్పు అన్నీ అతని చేతి మీదుగానే వస్తాయి. పంట చేతికొచ్చాక పరీక్షలో విత్తనం పాసయిందా లేదా అన్న మాటా అతని నోటి నుంచే వస్తుంది. పూలు విప్పి క్రాసింగ్ చేయడానికి పిల్లలను కూడా పొలానికి పంపిన రోజులున్నాయి. గద్వాల చీర నేసే మగ్గం దగ్గర మాస్టర్ వీవర్‌ది, వలస దారిలో గుంపు మేస్త్రీది ఇదే స్థానం. రాజధాని ఎడిటోరియల్ పేజీలో ఈ మనుషులకు ముఖం లేదు. వీళ్ళ ముఖాలు ఊరివాళ్ళకు తప్ప ఎవరికీ తెలియవు కాబట్టి అవి మొదటి పేజీలో నవ్వు తెప్పించలేవు.

జిల్లా అనుబంధాలు వచ్చినప్పుడు ఈ లోటు తీరుతుందని అనిపించింది. ఆ పేజీల్లో మండలం వార్తలైతే వచ్చాయి గానీ, మండలానికి ఒక కార్టూనిస్టు రాలేదు. ఇప్పుడు పత్రికల్లోనే కార్టూన్ చోటు కుంచించుకుపోతోంది. శ్రీధర్ 2021లో ఈనాడు వదిలారు. నమస్తే తెలంగాణలో మృత్యుంజయ్, సాక్షిలో శంకర్ వంటివారు ఆ సంప్రదాయం నిలబెట్టారు. నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు 2014లో శంకర్ వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రీ గెలిచారు. ఊళ్ళలో ఇప్పుడు ఎక్కువగా తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లో పేరులేని బొమ్మలు. ఆర్గనైజర్ మీద, రేషన్ డీలర్ మీద, పంట నష్టం రాయని అధికారి మీద వచ్చే విసుర్లు ఇప్పుడు వాటిలోనే ఉన్నాయి. పంట కాలం అయిపోగానే అవి ఫోన్లలోంచి చెరిగిపోతున్నాయి, వాటిని సేకరించి భద్రపరిచే పని ఏ విశ్వవిద్యాలయంలోనైనా మొదలుకావాలి.